పద్నాలుగో నంబరు పానా

కోడలు మామగారి కాళ్ళు పట్టుకుందంటే ఏదో పెద్ద తప్పే చేసి బతిమాలుకుంటోందనుకుంటారు ఎవరైనా. నేనూ పట్టుకున్నాను. ఆ ఒక్క ఎండాకాలంలోనే యాభై అరవై సార్లు పట్టుకుని ఉంటాను. బతిమాలడానికి కాదు, ఆయన్ని బండి కిందనుంచి బయటికి లాగడానికి. తప్పు చేసిన మాట మాత్రం నిజమే. ఇంటిల్లిపాదీ కలిసి చేశాం.

మామయ్య మెకానిక్. ఇంటి వెనకాలే రేకుల షెడ్డు. రెండు వ్యాన్లు పడతాయి, మూడోది వస్తే వీధిలో నిలబడాల్సిందే. కొన్ని షెడ్డుల్లో గొయ్యి తవ్వుకుని, అందులోకి దిగి బండి అడుగున పని చేస్తారు. మామయ్యకి ఆ గొయ్యి గొడవ గిట్టేది కాదు. ఆయనకో చెక్క పలక ఉండేది, అడుగున నాలుగు చిన్న చక్రాలతో. దాని మీద పడుకుని, మడమలతో నేలని ఒక్క తన్ను తన్ని, జాకీల మీద నిలబెట్టిన బండి కిందికి సర్రున వెళ్ళిపోయేవారు. బయటికి బూట్లు మాత్రం కనిపించేవి. కాసేపటికి లోపల్నుంచి అంకెలు వచ్చేవి.

"పదిహేడు."

పదిహేడో నంబరు పానా ఆయన చేతికి అందించాలి.

"పది. పొడుగుది కాదు, పొట్టిది."

పొట్టి పది అందించాలి.

పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన రెండో వారంలో టీ ఇద్దామని షెడ్డులోకి వెళ్ళాను. బండి కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, "ఆ పన్నెండు ఇటిలా ఇవ్వమ్మాయ్" అంది. గ్లాసు పక్కన పెట్టి ఇచ్చాను. అంతే, మళ్ళీ వంటింటికి పూర్తిగా తిరిగి వెళ్ళిందే లేదు. మా ఆయన రైల్లో గార్డు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నా ఒంటికి పడదు. ఆరు నెలలు తిరిగేసరికి పానాల పెట్టెలో కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా అడిగిన నంబరే తగిలేది.

మామయ్యది అంతకన్నా పెద్ద విద్య. బోల్టు తలని వేలికొసతో ఒక్కసారి తడిమితే చాలు, నంబరు చెప్పేసేవారు. ఒకటడిగి, "అబ్బే, ఇది కాదు, ఇంకోటివ్వు" అనడం నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య కూడా వినలేదట, ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మనిషి.

ఆ వేలికొసల కోసమే ఆ ఎండాకాలం కథంతా.

మామయ్యకి షుగర్. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ సూది. అది పొట్టకి గనక ఆయనకి లెక్కలేదు. కానీ షుగర్ ఎంతుందో చూడ్డానికి రోజుకి నాలుగుసార్లు వేలు పొడుచుకోవాలి కదా, అక్కడే ఆయనకి మంట. పొడిచి పొడిచి వేలికొసలు మొద్దుబారిపోయాయి. "వేళ్ళు పోయాక నేనేం మెకానిక్కుని?" అని రెండు పూటలు పొడుచుకోవడం ఎగ్గొట్టేవారు. చలికాలం చివర్లో ఒకరోజు షెడ్డులో కళ్ళు తిరిగి, బండి తలుపు పట్టుకుని అలాగే కూలబడిపోయారు. షుగర్ బాగా పడిపోయింది.

అప్పుడు డాక్టరు చెప్పారు, చేతికి అంటించుకునే మీటరు ఒకటుందని. వేలు పొడవక్కర్లేదు, షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోనులో చూపిస్తుంది, తగ్గితే కూత పెడుతుంది.

ఆసుపత్రిలో నర్సమ్మ అడిగింది. "పని ఏ చేత్తో చేస్తారు?"

"కుడిచేత్తో."

"అయితే ఎడమచేతికి పెడదాం. పనికి అడ్డం రాదు."

భుజానికి కాస్త కింద, చెయ్యి వెనకవైపు టక్కున అంటించింది. మామయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, "ఊఁ, కానివ్వండి" అన్నారు.

"అయిపోయిందండీ."

"ఇంతేనా! ఇంతోటిదానికి పొద్దుట్నుంచీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చున్నానా?"

అత్తయ్య దగ్గరికెళ్ళి చూసింది. "కోటు గుండీ అంతుంది" అంది. ఆవిడ దర్జీ. ప్రపంచంలో ఏ వస్తువైనా ఆవిడకి గుండీ అంతో, చేతిరుమాలంతో ఉంటుంది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు గుండీ.

నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలు మూడు. రెండు వారాలకోసారి కొత్తది మార్చాలి. మార్చిన మొదటి గంటసేపు అది ఏమీ చూపించదు. దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు. మూడింటికీ ముగ్గురం బుద్ధిగా తలలూపాం.

ఇంటికొచ్చాక అత్తయ్య తన షరతు చెప్పింది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఎండాకాలమంతా కుడితే గానీ బడులు తెరిచేనాటికి పూర్తవవు.

"బడులు తెరిచేదాకా చూస్తాను. ఈలోపు ఈ పడిపోవడాలు ఆగాయా సరే. ఆగలేదా, షెడ్డుకి తాళం. బండి కింద ఉండగా కళ్ళు తిరిగితే ఎవరు చూడొచ్చారు? నా మాటంటే మాటే."

"తాళం వేసి నన్నేం చెయ్యమంటావే? గుండీలు కుట్టమంటావా?"

"కుట్టండి. తప్పేముంది?"

కొత్త తాళంకప్ప ఒకటి తెచ్చి, కుట్టుమిషను పిడికి వేలాడదీసింది. ఊరికే బెదిరింపు కాదని మాకు తెలియాలిగా.

ఆ ఫోను గుండీకి మరీ దూరంగా ఉంటే పని చెయ్యదు. మామయ్య జేబులో పెడితే ఆయిల్లో స్నానం చేస్తుంది. అందుకని అత్తయ్య ఏం చేసిందంటే, ఇరవై ఏళ్ళుగా వీధి గదిలో కిటికీ పక్కన ఉన్న మిషనుని నా చేత పట్టించి, ఇంటి వెనక గుమ్మంలోకి తెచ్చి వేసుకుంది. అక్కడ వెలుగు తక్కువ, వేడి ఎక్కువ, ఎదురుగా షెడ్డు కంపు. మామయ్య చూసి, "ఇక్కడేం కనిపిస్తుందే నీకు?" అన్నారు.

"మీ బూట్లు కనిపిస్తాయి. చాల్లెండి" అంది అత్తయ్య.

నాలుగో రోజే ఫోను కూత పెట్టింది. నేను పెట్టెలో పదమూడు వెతుకుతున్నాను. వెనకనుంచి అత్తయ్య కేక. "లాగవే! యాభై ఎనిమిదిట! లాగు!"

రెండు బూట్లూ పట్టుకుని లాగాను. పలక చక్రాలు కిర్రుమని మామయ్య బయటికొచ్చారు. చేతిలో బోల్టు, ముఖం మీద గ్రీజు, ఒళ్ళంతా చెమట. "ఏమైందే? ఎక్కడ నిప్పంటుకుంది?"

"మీ ఒంట్లో!" అంటూ అత్తయ్య పళ్ళరసం గ్లాసు ఆయన నోటికి పెట్టింది.

"నాకేం లేదే, బాగానే ఉంది."

"చెమటలు పట్టడం చూసుకోండి!"

షుగర్ పడిపోతే చెమట పడుతుందని డాక్టరు చెప్పిన మాట నిజం. కానీ మండుటెండల్లో రేకుల కింద, ఆ రేకుల కింద వేడి ఇంజను కింద పడుకున్నవాడికి చెమట పట్టకపోతే కదా ఆశ్చర్యం! ఆ ముక్క అప్పుడు ఎవరికీ తట్టలేదు. గ్లాసు ఖాళీ అయింది. పది నిమిషాల్లో ఫోను డెబ్భై చూపించింది, తర్వాత తొంభై, నూట పది. ముగ్గురం దాన్ని చూస్తూ సంబరపడిపోయాం.

"చూశారా, ఇది లేకపోతే ఏమయ్యేది?" అంది అత్తయ్య. మామయ్య మూతి తుడుచుకున్నారు.

మర్నాడు రెండుసార్లు కూసింది. ఆ మర్నాడు మూడుసార్లు. కూసినప్పుడల్లా లాగడం, పొయ్యడం. మేం ముగ్గురం ఆ పనిలో ఎంత ఆరితేరామంటే, కూత మొదలైన నిమిషంలోపు మామయ్య నోట్లో పళ్ళరసం ఉండేది. రోజూ వ్యాను తెచ్చే పాలబండి డ్రైవరు ఒకాయన ఉండేవాడు, మహా వెటకారం మనిషి. "ఏమ్మా, మా బండి బాగు చేస్తున్నారా, మీ మామగారిని బాగు చేస్తున్నారా? ఎవరు ముందు తయారవుతారో చెప్తే టీ తాగొస్తా" అనేవాడు.

అత్తయ్య కూత వచ్చినప్పుడల్లా గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో వెనక తలుపు మీద ఒక గీత గీసేది. ఎండలు ముదిరేకొద్దీ గీతలు పై గడియదాకా పాకాయి.

మామయ్య మాత్రం నీరసించిపోయారు. దాహం, చిరాకు, పొద్దుగూకేసరికి కాళ్ళు లాగడం. సాయంత్రాలు ఫోనులో మూడువందలు దాటేది. డాక్టరు ఆ గ్రాఫు చూసి తల పట్టుకున్నారు. పగలంతా లోయలు, సాయంత్రానికి కొండలు. "ఇంతలా పడిపోతోంది గనక ఇన్సులిన్ తగ్గిద్దాం" అన్నారు. తగ్గిస్తే కొండలు ఇంకా పెరిగాయి, లోయలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండోసారి వెళ్ళినప్పుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "బండి కింద పడుకునే పని మానెయ్యండి. ఇలా ఉంటే నేను ఒప్పుకోలేను" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మామయ్య పక్కనే కూర్చున్నాను. ఎప్పుడూ బస్సెక్కితే ఇంజను శబ్దం విని, "రెండో గేరు అరుస్తోంది, విను" అని నా చెవిన చెప్పేవారు. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పని ఆగిపోతుందనే కాదు, నా పని కూడా ఆగిపోతుందని. స్వార్థమే, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

బడులు తెరవడానికి ఇంకా నాలుగు వారాలుంది.

ఆ ఆదివారం షెడ్డు మూత. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మామయ్య గచ్చు చల్లగా ఉంటుందని చాప పరుచుకుని నడుం వాల్చారు. రాత్రుళ్ళు మంచం మీద నర్సమ్మ చెప్పినట్టే వెల్లకిలా పడుకునేవారు. అత్తయ్య అటూ ఇటూ తలగడలు కూడా పెట్టేది, దొర్లకుండా. పగటిపూట కునుకుకి తలగడల కాపలా ఎవరు పెడతారు? పావుగంటకి ఫోను కూసింది. యాభై ఐదు.

అత్తయ్య గ్లాసు కోసం పరుగెత్తింది. మామయ్య లేచి కూర్చుని, ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా గట్టిగా అరిచారు. "తిని గంట కాలేదే! కడుపు పగిలేలా తిన్నాను! ఎక్కడికి పోతోందే ఆ తిండంతా?"

నేను ఆయన చెయ్యి వైపు చూశాను. ఎడమ చెయ్యి వెనకంతా చాప గీతలు పడి ఎర్రగా కందింది. మధ్యలో గుండీ.

ఆ గీతలు నాకు కొత్త కాదు. రోజూ మామయ్యని లాగినప్పుడు ఆ చొక్కా ఎడమ చేతి వెనకాలే పలక దుమ్ము చారలుండేవి. రోజూ ఉతికేది నేనే. ఆయన బండి కింద వెల్లకిలా పని చెయ్యరు. ఎడమ చేతి మీద ఒత్తిగిలి, కుడిచేత్తో పానా తిప్పుతారు. 'దాని మీద ఒత్తిగిలి పడుకోకూడదు' అని నర్సమ్మ చెప్పిన మాటని ముగ్గురం రాత్రి మంచానికే అంటగట్టాం. మా ఇంట్లో బండి కింద పడుకోవడం పడుకోవడం కాదు, పని.

"అత్తయ్యా, ఆగండి. పొయ్యకండి."

"ఏంటే ఆగేది?"

"ఒక్క నిమిషం. వేలు పొడిచే పాత మీటరు ఎక్కడుంది?"

సొరుగు అడుగున, చిల్లర దారపు కండెల కింద దొరికింది. మామయ్య ముఖం చిట్లిస్తూనే వేలిచ్చారు. పొడిచాను. నూట అరవై నాలుగు.

ఫోనులో యాభై ఐదు, వేలి మీద నూట అరవై నాలుగు.

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఈలోపు ఫోను దానంతటదే అరవై ఎనిమిదికి వెళ్ళింది. తర్వాత ఎనభై. చుక్క పళ్ళరసం లేకుండానే ఎక్కుతోంది.

మామయ్య కళ్ళల్లోకి ఒక వెలుగొచ్చింది. మొరాయించిన బండి ఎక్కడ మొరాయిస్తోందో పట్టుకున్నప్పుడు వచ్చే వెలుగు అది, నాకు బాగా తెలుసు. "ఆగండాగండి, మళ్ళీ చూద్దాం" అంటూ చాప మీద ఎడమవైపు తిరిగి పడుకున్నారు. ముగ్గురం ఫోను మీదే కళ్ళు పెట్టాం. అంకె దిగింది. కుడివైపు తిరిగారు. అంకె ఎక్కింది. మళ్ళీ ఎడమవైపు తిరిగారు.

"ఓసినీ! ముల్లు నొక్కుకుపోతే టాంకు నిండా పెట్రోలున్నా లేదనే చూపిస్తుంది! నాలో ఏం లేదే, రిపేరంతా మీటరుదే!" అని పడుకునే చప్పట్లు కొట్టారు. "మీరేమో నిండిన టాంకులో పోస్తారు, పోస్తారు, పోస్తూనే ఉంటారు!"

నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని గచ్చు మీద కూలబడ్డాను. మామయ్య నవ్వుతూ దగ్గారు, దగ్గుతూ నవ్వారు. అత్తయ్య మాత్రం గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"అయితే ఆ మూడువందలు నేను పోసినవేనా?" అంది.

మామయ్య నవ్వు ఆపేశారు. "ఛ, అదేం మాటే? కూసింది గనక పోశావు."

"డాక్టరు చెప్పని మందు రోజుకి మూడుసార్లు నా చేత్తో పోశాను." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గ్లాసు కింద పెట్టి, తడిగుడ్డ తీసుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. సుద్ద గీతలన్నీ ఒక్కొక్కటే తుడిచింది. ఎత్తుగా ఉన్నవాటి కోసం మామయ్య స్టూలు తెచ్చి వేశారు.

మర్నాడు డాక్టరు మా ముగ్గురి కథ విని, నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశారు. ఇన్సులిన్ మళ్ళీ మొదటి కొలతకి తెచ్చారు. గుండీ ఈసారి కుడిచేతికి మార్చమన్నారు. ఫోను మాట నమ్మబుద్ధి కానప్పుడు వేలు పొడిచి చూసుకోమన్నారు. షెడ్డు సంగతి అత్తయ్య అడిగితే, "చూద్దాం, ఈ నెల ఎలా ఉంటుందో" అన్నారు.

ఆ తర్వాతి మూడు వారాలు ఎంత బాగా గడిచాయో! ఫోను నోరెత్తలేదు. కొండలు దిగాయి, లోయలు పూడాయి. మామయ్య మళ్ళీ బస్సుల గేర్లు వింటున్నారు. నేను రెండు క్లచ్‌లు నా చేత్తో విప్పాను, ఆయన పక్కన నిలబడి చెబుతుంటే. గుమ్మంలో మిషను టకటక, షెడ్డులో పానాల టంగుటంగు, మధ్యమధ్య ఆ మొగుడూపెళ్ళాల వాదులాట. ఆ మూడు వారాల్ని మాత్రం ఎవరైనా మళ్ళీ తెచ్చిస్తానంటే, ఆ ఎండలతో సహా తీసుకుంటాను.

రేపు బడులు తెరుస్తారనగా, ఆ రోజు గుండీ మార్చే రోజు. పొద్దున్నే మామయ్య ఇన్సులిన్ పొడుచుకున్నారు. పాతది పీకి కొత్తది నేనే అంటించాను. ఇక తినడానికి కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే పాలబండి డ్రైవరు హారను మోగిస్తూ వచ్చాడు. గేరుబాక్సు అడుగున ఆయిలు ధారగా కారుతోంది, వెనక నిండా పాలు.

"ఐదు నిమిషాలు. బిగించేసి వచ్చి తింటాను" అన్నారు మామయ్య.

అత్తయ్య ఉంటే కుదిరేది కాదు. ఆవిడ చివరి యూనిఫారాల మూట తీసుకుని బడికి వెళ్ళింది. నేను? నేను సరేనన్నాను. మూడు వారాలుగా ఏ కూతా లేదు కదా, ధీమా. ఫోను స్టూలు మీద పెట్టాను. ఇంకా నలభై నిమిషాలు ఆగితే గానీ ఏమీ చెప్పనని చూపిస్తోంది.

పాలబండి గేరుబాక్సు నాకు కొట్టినపిండి. అడుగు మూతకి ఎనిమిది బోల్టులు, అన్నీ పదులు. మధ్యలో ఆయిలు బోల్టు ఒక్కటి పద్నాలుగు. వేరే నంబరుతో అక్కడ పని లేదు.

"పది."

ఇచ్చాను. ఐదు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. మూత అంచు వంగింది, సరిచెయ్యాలన్నారు. చేశారు. బోల్టులు ఒక్కొక్కటే ఎక్కుతున్న శబ్దం లెక్కపెడుతున్నాను. ఏడు. ఎనిమిది. ఇక ఆయిలు బోల్టు. అడగకముందే పద్నాలుగు చేత్తో పట్టుకుని వంగాను.

"పంతొమ్మిది" అన్నారు మామయ్య.

నేను కదల్లేదు.

"పంతొమ్మిది ఇవ్వమ్మా" అన్నారు మళ్ళీ. గొంతులో ఏ తేడా లేదు. మామూలుగా, మెల్లగా, ఎప్పటిలాగే.

పద్నాలుగు కింద పడేసి బూట్లు పట్టుకుని లాగాను. పలక బయటికొచ్చింది. చొక్కా తడిసి ముద్దయింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నా వైపు చూసి, మర్యాదగా, కొత్త మనిషితో మాట్లాడినట్టు అడిగారు.

"ఏ బండమ్మా మీది?"

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. "పట్టుకోండి, వీపు పట్టుకుని కూర్చోబెట్టండి" అని అరిచి లోపలికి పరుగెత్తాను. గ్లాసు తెచ్చేసరికి మామయ్య మూతి పక్కకి తిప్పుకుంటున్నారు. బతిమాలితే వినే స్థితి కాదు. అచ్చం అత్తయ్య గొంతు పెట్టి, "నోరు తెరవండీ! పిల్లాడా మీరు?" అని కసిరాను. తెరిచారు. సగం చొక్కా మీద, సగం లోపలికి. వేలు పొడిచాను. నలభై మూడు.

పావుగంట ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. మళ్ళీ పొడిచాను. డెబ్భై నాలుగు. మామయ్య ముందు చొక్కా వైపు చూసుకున్నారు, తర్వాత డ్రైవరు వైపు, తర్వాత నా వైపు.

"అమ్మాయ్" అన్నారు.

అప్పుడు ఏడ్చాను.

"ఎందుకు లాగావు? ఫోను కూసిందా?"

"లేదు మామయ్యా. అదింకా మొదలవలేదు. లాగాక వేలు పొడిస్తే నలభై మూడుంది."

"మరి?"

"మీరు పంతొమ్మిది అడిగారు."

ఆయన బండి అడుగుకేసి చూశారు. "పంతొమ్మిదా" అన్నారు. షుగర్ నలభై మూడని చెప్పినప్పుడు పట్టించుకోని మనిషి, ఆ మాటకి తల దించుకున్నారు. నేను తినడానికి తెచ్చి పక్కన పెట్టాను. పళ్ళెం ఖాళీ చేశారు. అంతా అయ్యాక స్టూలు మీద ఫోను టింగుమని నూట పద్నాలుగు చూపించింది.

అత్తయ్య ఖాళీ సంచి మడుచుకుంటూ వచ్చింది. ఆయన చొక్కా చూసింది, నా ముఖం చూసింది. ఏం జరిగిందో డ్రైవరే చెప్పాడు, ఈసారి వెటకారం లేకుండా. ఆవిడ అరుస్తుందని నేను ఎదురుచూశాను. అరవలేదు. గుమ్మంలోకి వెళ్ళి మిషను పిడి దగ్గర నిలబడింది. తాళం మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

"వేసెయ్యవే" అన్నారు మామయ్య. "ఇంక నేను కిందికి వెళ్ళను. అడిగే నంబరు నాకే తెలియకపోతే ఎందుకు?"

బండి కింద ఒక్క బోల్టు మిగిలి ఉంది.

"పాలు విరిగిపోతాయి మామయ్యా" అన్నాను.

పలక మీద నేను పడుకున్నాను. మడమలతో నేలని తన్నాను, సర్రున కాదు, కిర్రుకిర్రుమంటూ వెళ్ళాను. లోపల వేడి, ఆయిలు కంపు, ముఖానికి జానెడు దూరంలో ఇనుము. వేలికొసతో బోల్టు తడిమాను. "పద్నాలుగు" అందామని నోరు తెరిచాను. నా చేతిలో అప్పటికే పద్నాలుగు ఉంది. మామయ్య పెట్టేశారు.

బయటికొచ్చేసరికి అత్తయ్య కొలత టేపు పట్టుకుని నిలబడి ఉంది. "ఆ గ్రీజు బట్టలతో నా ఇంట్లోకి రాకు. చేతులు చాపు" అంది. సాయంత్రానికి మిగిలిపోయిన యూనిఫారం గుడ్డతో నాకో నీలం ప్యాంటూ చొక్కా కుట్టింది. వేసుకుంటే అచ్చం బడికి వెళ్ళే పిల్లలా ఉన్నానని మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఒకటే నవ్వు. మర్నాడు బడులు తెరిచారు. షెడ్డు కూడా తెరిచాం.

మామయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు స్టూలు మీద కూర్చుని నాకు పానాలు అందించారు. ఒక్క నంబరు తప్పలేదు, చాలాసార్లు నేను అడగనే లేదు. గుండీ ఆయన చేతి మీద ఉంటూనే ఉంది. ఆయన పోయింది కూడా షుగర్ వల్ల కాదు, వయసైపోయి, నిద్రలో, అత్తయ్య పెట్టిన తలగడల మధ్య వెల్లకిలా పడుకుని.

ఇప్పుడు ఆ స్టూలు అత్తయ్యది. కళ్ళు ఆనక మిషను మానేసింది. "ఊరికే కూర్చోలేను, నేనందిస్తాలే" అని వచ్చి కూర్చుంది. పది అడిగితే పన్నెండు ఇస్తుంది. పదిహేడు అడిగితే స్క్రూడ్రైవరు ఇస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కటీ సరిగ్గా ఇచ్చిన పాపాన పోలేదు. ఇచ్చింది తీసుకుని పక్కన పెట్టి, బయటికి దొర్లుకుంటూ వచ్చి కావలసింది తీసుకుని, మళ్ళీ వెళ్తాను. పని రెట్టింపు. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నిన్న వ్యాను కింద ఉన్నాను. "పద్నాలుగు, అత్తయ్యా" అన్నాను. చేతిలో పడింది. చూడకుండానే పక్కన పెట్టబోయి, వేళ్ళకి తేడా తెలిసింది. పద్నాలుగే.

మడమలతో ఒక్క తన్ను తన్ని సర్రున బయటికొచ్చాను.

"అత్తయ్యా! ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా?"

అత్తయ్య స్టూలు మీద నిటారుగా కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ ఒళ్ళో పానాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం ముడి వేసి, వరసగా పేర్చి ఉన్నాయి. పద్నాలుగుకి నీలం.

"నాకేం, రాయిలా ఉన్నాను" అంది. "నువ్వు వెళ్ళి బోల్టు బిగించు."